ప్లాటినం రేటు చదవడం: లండన్ వేలం నుంచి మన చేతిలోని బిల్లు దాకా

ఒకే రోజు మూడు షాపుల్లో ప్లాటినం గ్రాము ఎంత అని అడిగితే మూడు అంకెలు వస్తాయి. మూడూ నిజమే కావచ్చు. ఒకరు స్వచ్ఛమైన లోహం రేటు చెబుతారు, ఇంకొకరు 95 శాతం స్వచ్ఛతుండే 950 నగ రేటు చెబుతారు, మూడో ఆయన మజూరీ కూడా కలిపేసి చెబుతాడు. బంగారానికి ఈ తలనొప్పి లేదు. 22 క్యారెట్లు ఇంత, 24 క్యారెట్లు ఇంత అని పొద్దున్నే పేపర్లో వస్తుంది, విజయవాడలో అడిగినా వరంగల్‌లో అడిగినా కాస్త అటూ ఇటూగా అదే ఉంటుంది. ప్లాటినంకి అలా అందరూ తలూపే రోజువారీ రేటు మన దగ్గర లేదు. సరుకుల ఎక్స్ఛేంజ్ అయిన ఎంసీఎక్స్‌లో బంగారానికీ వెండికీ జరిగినట్టు దీనికి జోరైన వాయిదా బేరమూ (రాబోయే తేదీకి ధర ఇప్పుడే కుదుర్చుకోవడం) లేదు, మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ప్లాటినం ఈటీఎఫ్ (షేరులా కొని అమ్మే ఫండ్) కూడా లేదు. అందుకని రేటు మనమే కట్టుకోవాలి. లెక్క కష్టమైనదేమీ కాదు, కాగితం మీద ఐదు వరుసలు. ఆ అంకె రేపు ఎందుకు మారుతుందో తెలియాలంటే మాత్రం కాస్త లోతుకి దిగాలి. ముందు లెక్క చూద్దాం.

1. మూలధర ఎక్కడిదో తేల్చుకోండి

ప్రపంచంలో ప్లాటినం ధర ప్రధానంగా రెండు చోట్ల పుడుతుంది.

మొదటిది లండన్. రోజుకు రెండుసార్లు, అక్కడి కాలమానంలో ఉదయం 9:45కీ మధ్యాహ్నం 2 గంటలకీ, ఎలక్ట్రానిక్ వేలంలో ధర ఖరారవుతుంది. దీన్ని ఎల్‌బీఎంఏ ప్లాటినం ధర అంటారు (ఎల్‌బీఎంఏ అంటే లండన్ బులియన్ మార్కెట్ సంఘం). 2014 డిసెంబరు నుంచి ఈ వేలాన్ని లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ నడుపుతోంది. మన గడియారంలో చలికాలంలో మధ్యాహ్నం 3:15, రాత్రి 7:30. అక్కడ వేసవిలో గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి మనకు ఒక గంట ముందే వస్తుంది. గనులు, శుద్ధి కర్మాగారాలు, కార్ల విడిభాగాల తయారీదారులు తమ ఒప్పందాల్లో రాసుకునే ధర ఎక్కువగా ఇదే.

రెండోది న్యూయార్క్‌లోని నైమెక్స్ వాయిదా మార్కెట్. ఒక్కో కాంట్రాక్టు 50 ట్రాయ్ ఔన్సులు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు గడువుల్లోనే వ్యాపారం ఎక్కువ. దాదాపు రోజంతా నడుస్తుంది, కానీ అసలు కదలిక మన సాయంత్రం నుంచి రాత్రి దాకా. జపాన్‌లో ఒసాకా ఎక్స్ఛేంజ్‌లో గ్రాముకి యెన్లలో బేరం జరుగుతుంది. 2025 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌జౌ ఎక్స్ఛేంజ్ కూడా ప్లాటినం వాయిదాలు మొదలుపెట్టింది.

ఫోనులో కనబడే ధర ఏది? ‘ఎక్స్‌పీటీ’ అని ఉంటే స్పాట్ ధర, అంటే ఇప్పటికిప్పుడు చేతులు మారే సరుకు ధర. ‘పీఎల్’ అని ఉంటే నైమెక్స్ వాయిదా. ఈ రెండూ సాధారణంగా కొద్ది డాలర్ల దూరంలోనే ఉంటాయి. దూరం పెరిగితే అదే ఒక సమాచారం, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. లెక్కకు స్పాట్ తీసుకోండి. నిన్నటి స్పాట్‌తో ఇవాళ్టి వాయిదాను పోల్చి ‘పెరిగింది’ అనుకోకండి, ఆ తప్పు చేసేవాళ్లు చాలామంది.

2. ఔన్సును గ్రాము చేయండి, డాలరును రూపాయి చేయండి

ఇక్కడ ఔన్సు అంటే ట్రాయ్ ఔన్సు: 31.1035 గ్రాములు. కిరాణా పొట్లాల మీద కనబడే 28.35 గ్రాముల ఔన్సు కాదు. రెండో దానితో భాగిస్తే గ్రాము ధర దాదాపు పది శాతం ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు షాపు ధర చవకగా ఉందని మురిసిపోతాం.

లెక్కకు వీలుగా గుండ్రటి అంకెలు తీసుకుందాం. స్పాట్ 2,000 డాలర్లు, డాలరు 90 రూపాయలు. ఇవి నమూనా అంకెలు, మీరు లెక్క వేసే రోజు ఉన్నవి పెట్టుకోండి.

2,000 ÷ 31.1035 = 64.30 డాలర్లు
64.30 × 90 = గ్రాముకి సుమారు 5,787 రూపాయలు

ఇది సుంకం లేని, పన్ను లేని, 99.95 శాతం స్వచ్ఛమైన లోహం ధర. లండన్, జ్యూరిక్ ఖజానాల్లో ఆమోదించే కడ్డీకి కనీస స్వచ్ఛత ఇదే. కడ్డీ బరువు 1 నుంచి 6 కిలోలు ఉండాలి, ఆ మార్కెట్ల ఆమోద జాబితాలో పేరున్న శుద్ధి సంస్థే పోసి ఉండాలి. ఈ జాబితా నామమాత్రం కాదు. 2022 ఏప్రిల్‌లో రెండు రష్యా శుద్ధి సంస్థల పేర్లు పక్కన పెట్టగానే, అవి కొత్తగా పోసే కడ్డీలకు లండన్ తలుపు మూసుకుపోయింది.

ఈ మెట్టు దగ్గర గమనించాల్సింది ఒకటుంది. డాలర్లలో ధర అంగుళం కదలకపోయినా రూపాయి 2 శాతం పడితే మన రేటు 2 శాతం పెరుగుతుంది. షాపులో ‘ప్లాటినం పెరిగిందండీ’ అన్నారంటే పెరిగింది ప్లాటినమా, డాలరా అని విడదీసి చూడండి.

3. సుంకం కలపండి

మనం వాడే ప్లాటినం దాదాపు అంతా దిగుమతే. ఒడిశాలోని బౌలా-నువాసాహి, కర్ణాటకలోని హనుమలాపుర, తమిళనాడులోని సిత్తంపూండి ప్రాంతాల్లో ఈ జాతి లోహాల జాడలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. గని తవ్వి లోహం తీసే దాకా మాత్రం వ్యవహారం రాలేదు.

2024 జూలై బడ్జెట్‌లో ప్లాటినం దిగుమతి భారం 15.4 శాతం నుంచి 6.4 శాతానికి దిగింది. అందులో 5 మూల సుంకం, 1.4 వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు. సుంకం ఎప్పుడైనా మారవచ్చు. కొనే రోజున అమల్లో ఉన్నదెంతో చూసి ఆ అంకే వేసుకోండి. మన నమూనాకి 6.4 తీసుకుందాం:

5,787 × 1.064 = 6,157 రూపాయలు

దీనిపైన దిగుమతిదారు, టోకు వ్యాపారి తమ వాటా కొంత వేసుకుంటారు. ఎంత వేస్తారన్నది సరుకు దొరికే తీరును బట్టి ఉంటుంది. కాబట్టి షాపువాళ్ల 999 రేటు, అంటే స్వచ్ఛమైన లోహం రేటు, 6,157 కంటే రెండు మూడు శాతం ఎక్కువుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎనిమిది పది శాతం ఎక్కువుంటే మాత్రం ఎందుకని అడగండి.

సుంకం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. కస్టమ్స్ నిబంధనల్లో ఒక మిశ్రమంలో బరువులో 2 శాతం ప్లాటినం ఉంటే చాలు, మిగతాదంతా బంగారమైనా అది ‘ప్లాటినం మిశ్రమం’ కిందికే వస్తుంది. బంగారం సుంకానికీ ప్లాటినం సుంకానికీ తేడా ఉన్నప్పుడు ఈ సందులోంచి బంగారం ప్లాటినం వేషంలో దిగింది, ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అందుకే ‘భారత్‌లో ప్లాటినం దిగుమతులు ఒక్కసారిగా పెరిగాయి’ అనే వార్త చూసి జనం ప్లాటినం మీద పడ్డారని అనుకోవడానికి లేదు.

4. స్వచ్ఛత: 950 అంటే ఏమిటి

నగల్లో వాడేది ఎక్కువగా 950, అంటే వెయ్యి పాళ్లలో 950 ప్లాటినం. మిగతా 50 పాళ్లు రుథీనియం, కోబాల్టు, రాగి లాంటివి, గట్టిదనం కోసం. నగ లోపలి వైపు ‘పీటీ 950’ ముద్ర ఉంటుంది.

6,157 × 0.95 = గ్రాముకి 5,849 రూపాయలు

అసలు మెలిక ఇక్కడే ఉంది. కొన్ని చోట్ల 999 రేటు పలికి, దాన్నే 950 నగ మొత్తం బరువు మీద వేస్తారు. 8 గ్రాముల ఉంగరం మీద ఈ ఒక్క తేడాయే దాదాపు 2,460 రూపాయలు. ‘మీరు చెప్పిన గ్రాము రేటు 999దా, 950దా?’ అన్న ప్రశ్న తప్పకుండా అడగండి, జవాబు బిల్లు మీదే రాయించుకోండి.

ముద్ర గురించి కూడా ఒక మాట. బీఐఎస్ హాల్‌మార్క్ పథకం బంగారం, వెండి నగలది. ప్లాటినంకి మన దేశంలో ఎక్కువగా కనబడేది ప్లాటినం గిల్డ్ ఇంటర్నేషనల్ ప్రోత్సహించే ధ్రువపత్రం, నగ మీద దానికో ప్రత్యేక సంఖ్య. ఆ సంఖ్యా కార్డు మీది సంఖ్యా ఒకటేనా అని భూతద్దంతో షాపులోనే చూసుకోండి. ఇంటికెళ్లాక చూస్తే ప్రయోజనం లేదు.

తెల్ల బంగారాన్ని ప్లాటినం అనుకుని మోసపోతామన్న భయం ఉంటే బరువు చూడండి. ప్లాటినం సాంద్రత ఘన సెంటీమీటరుకి 21.45 గ్రాములు, 950 మిశ్రమానిది 20కి పైనే. 18 క్యారెట్ల బంగారానిది పదిహేనున్నర ప్రాంతం. అంటే 8 గ్రాముల ప్లాటినం ఉంగరాన్ని అవే కొలతలతో 18 క్యారెట్లలో పోస్తే 6 గ్రాములే తూగుతుంది. షాపుల్లోని ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఎక్స్-కిరణాలతో పై పొరనే చదువుతుంది. తెల్ల బంగారం మీద రోడియం పూత వేస్తారు కాబట్టి దాని రిపోర్టులో రోడియం కనబడితే లోపలి సంగతి మళ్లీ పరీక్షించమనండి.

5. బిల్లు విప్పి చూడండి

8 గ్రాముల సాదా ఉంగరం, రాళ్లు లేవు, మజూరీ 20 శాతం అనుకుందాం.

లోహం (మధ్యలో గుండ్రం చేయని రేటుతో): 8 × 5,849.6 = 46,797
మజూరీ 20 శాతం: 9,359
కలిపి: 56,156
జీఎస్టీ 3 శాతం: 1,685
చెల్లించేది: 57,841 రూపాయలు

ఇందులో ఉన్న స్వచ్ఛమైన ప్లాటినం 7.6 గ్రాములు. అంతర్జాతీయ ధరలో దాని విలువ 7.6 × 5,787 = దాదాపు 43,980. అంటే ప్రపంచ మార్కెట్ ధర మీద 31 శాతం పైన పెట్టి కొంటున్నాం.

మజూరీ బంగారం కంటే ఎక్కువెందుకని చాలామంది గొడవ పడతారు. అందులో కొంత న్యాయముంది. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ప్లాటినంకి 1,768 కావాలి. మామూలు గ్రాఫైట్ మూసలో కరిగిస్తే కార్బన్ పట్టి లోహం పెళుసవుతుంది, కాబట్టి వేరే మూసలు, వేరే యంత్రం. ఆకురాయికి లొంగదు, మెరుగు పెట్టడానికి ఒక దశ తర్వాత ఇంకో దశ కావాలి. పని బల్ల మీద రాలిన పొడిని కంసాలి తన కొలిమిలోనే తిరిగి శుద్ధి చేసుకోలేడు, దానికి ప్రత్యేక రసాయన శాల కావాలి. ఇవన్నీ నిజమైన ఖర్చులే. కానీ యంత్రంలో వరసగా పోసిన సాదా ఉంగరానికీ, చేత్తో గొలుసు అల్లిన బ్రాస్లెట్‌కీ ఒకే శాతం వేస్తే అడగాల్సిందే. మజూరీని శాతంగా కాకుండా గ్రాముకింత అని మాట్లాడుకోవడం మేలు. శాతంలో ఉంటే లోహం ధర పెరిగినప్పుడల్లా పని మారకుండానే కూలీ పెరుగుతుంది. కొన్ని షాపులు ‘వీఏ’ (వాల్యూ అడిషన్) అని ఒకే అంకెలో తరుగూ మజూరీ కలిపేస్తాయి. విడగొట్టి చెప్పమనండి.

రాళ్లుంటే వాటి బరువు తీసేశాకే లోహం లెక్క కట్టాలి. వజ్రం 1 క్యారెట్ అంటే 0.2 గ్రాములు.

6. తిరిగి అమ్మితే ఎంత వస్తుందో కొనే రోజే లెక్క కట్టండి

పాత బంగారం ఏ వీధిలోనైనా అమ్ముడుపోతుంది. పాత ప్లాటినం పోదు. కరిగించి పరీక్షించే వసతి చిన్న షాపుల్లో ఉండదు, కొన్నవాడు దాన్ని దూరంగా ఉన్న శుద్ధి శాలకు పంపాలి. కాబట్టి ఎక్కువగా అమ్మిన షాపే దిక్కు, తరుగు తీసేదీ వాళ్లే. మన నమూనాలో లోహం విలువ మీద 10 శాతం కోత అనుకుంటే చేతికొచ్చేది 42,117. పెట్టిన 57,841 వెనక్కి రావాలంటే లోహం ధర 37 శాతం పెరగాలి.

నగను పెట్టుబడి అనుకుని కొనేవాళ్లు ఈ 37 అనే అంకెను ఒక్కసారి మనసులో పెట్టుకోవాలి. ముచ్చటపడి, జంట ఉంగరాలకో బ్రాస్లెట్‌కో కొంటే దీంతో పేచీ లేదు. లోహమే కావాలనుకుంటే కడ్డీ, నాణెం దారి చూడాలి. అక్కడ మజూరీ బాధ తక్కువ, తిరిగి కొనేవాళ్లెవరో మాత్రం ముందే తేల్చుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు 1997 నుంచి వస్తున్న ప్లాటినం ఈగిల్ నాణెం ఉంది. ఒక ఔన్సు, 99.95 శాతం. దానికీ స్పాట్ మీద అదనం ఉంటుంది. డీలరు కొనే ధర, అమ్మే ధర రెండూ పక్కపక్కన అడిగితే అసలు ఖర్చు బయటపడుతుంది.

7. ధరను కదిలించేవి

లెక్క అయింది. రేపు ఆ 2,000 ఎటు పోతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కానీ వార్త వచ్చినప్పుడు అది బరువున్న వార్తా, ఉత్త గాలా అని తూచడం నేర్చుకోవచ్చు.

ముందు పరిమాణం తెలియాలి. గనుల నుంచి ఏడాదికి వచ్చే బంగారం 3,500 టన్నుల పైమాటే. ప్లాటినం 170–180 టన్నులు, పాత కార్ల నుంచీ నగల నుంచీ మరో 45–50 టన్నులు. ఇంత చిన్న చెరువులో రాయి పడితే అలలు పెద్దవే వస్తాయి. బంగారంలో ఒక శాతం కదిలించే డబ్బు ఇక్కడ చాలా ఎక్కువ కదిలిస్తుంది.

ఆ 170 టన్నుల్లో దాదాపు 70 శాతం ఒక్క దక్షిణాఫ్రికాదే. అదీ ఒక్క బుష్‌వెల్డ్ అనే రాతి సముదాయం నుంచి. తర్వాత రష్యా, జింబాబ్వే. టన్ను రాయి తవ్వితే ఈ జాతి లోహాలన్నీ కలిపి కొన్ని గ్రాములే దొరుకుతాయి. తవ్విన రాయి కడ్డీ అయ్యేసరికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే గనిలో సమ్మె మొదలైన రోజునే మార్కెట్లో సరుకు ఆగిపోదు.

2014 సమ్మె దీనికి మంచి పాఠం. జనవరి నుంచి జూన్ దాకా ఐదు నెలలు దక్షిణాఫ్రికా ప్లాటినం గనుల్లో పెద్ద భాగం మూతపడింది. పుస్తకం ప్రకారం ధర ఆకాశాన్నంటాలి. సమ్మె మొదలైనప్పుడూ, ముగిసేసరికీ 1,400–1,500 డాలర్ల మధ్యే ఉంది. అంతే. కారణం భూమి పైనున్న నిల్వ: ఖజానాల్లో, ఈటీఎఫ్‌లలో, కంపెనీల గిడ్డంగుల్లో ఉన్న సరుకు లోటును పూడ్చేసింది. 2008 కథ వేరు. ఆ జనవరిలో దక్షిణాఫ్రికా విద్యుత్ సంస్థ ఎస్కామ్ చేతులెత్తేస్తే గనులు కొద్ది రోజులు ఆగాయి. మార్చికల్లా ధర 2,200 డాలర్లు దాటింది. ఏడాది చివరికి, ఆర్థిక సంక్షోభంలో కార్ల అమ్మకాలు కూలాక, 800 ప్రాంతానికి వచ్చింది. సరఫరా భయంతో ఎక్కిన ధరను గిరాకీ కిందికి లాగేసింది. ‘గనులు ఆగాయి’ అన్న వార్త చూసినప్పుడు వెంటనే వేయాల్సిన ప్రశ్న: భూమి పైన నిల్వ ఎంత ఉంది?

దీన్ని కొలిచే సాధనం లీజు రేటు. ప్లాటినాన్ని అప్పుగా ఇస్తారు, దానికి వడ్డీ ఉంటుంది. గాజు కంపెనీకి ఆరు నెలలు లోహం కావాలి, ధర పడితే వచ్చే నష్టం మాత్రం వద్దు అనుకుంటే అప్పు తీసుకుంటుంది. నిల్వ దండిగా ఉంటే ఈ వడ్డీ నామమాత్రం. 2025లో అది ఒక్కసారిగా ఎగిసింది, స్పాట్ ధర వాయిదా ధరను మించిపోయింది. మామూలుగా వాయిదా ధరలో వడ్డీ, నిల్వ ఖర్చు కలిసి అదే కాస్త ఎక్కువుండాలి. అది తిరగబడిందంటే ‘రేపు కాదు, సరుకు ఇవాళే కావాలి’ అని జనం అదనం కడుతున్నారన్నమాట. మొదట్లో చెప్పిన ఎక్స్‌పీటీ, పీఎల్ మధ్య దూరాన్ని చూడమన్నది ఇందుకే. అయితే ఆ ఏడాది అమెరికా సుంకాలు వేస్తుందేమోనన్న భయంతో లోహం న్యూయార్క్ గిడ్డంగులకు తరలింది. అంటే కొరతలో కొంత సరుకు లేక, కొంత సరుకు వేరే ఊళ్లో ఉండి. ఏడాది మొదట్లో 900 డాలర్ల దగ్గరున్న ధర డిసెంబరులో 2,000 దాటింది.

సరుకు ఏ రూపంలో ఉందన్నది కూడా ముఖ్యమే. కర్మాగారాలకు కావాల్సింది కడ్డీ కాదు, ‘స్పాంజి’ అనే బూడిద రంగు పొడి. యాసిడ్‌లో సులువుగా కరుగుతుంది. ఖజానా నిండా కడ్డీలున్నా స్పాంజి కరువైతే దానికి విడిగా అదనం పలుకుతుంది. తెర మీది ధరలో ఇది కనబడదు.

ఇక గనుల లెక్క. దక్షిణాఫ్రికా గనిలో ప్లాటినం ఒంటరిగా రాదు. పల్లేడియం, రోడియం, రుథీనియం, ఇరిడియం తోడొస్తాయి, రష్యాలో అయితే నికెల్ వెంబడి వస్తుంది. గని యజమాని చూసేది ఈ మొత్తం బుట్ట ధర, అదీ తన రాండ్ కరెన్సీలో. 2021 మార్చిలో రోడియం ఔన్సు 30,000 డాలర్ల దగ్గరికి వెళ్లినప్పుడు, ప్లాటినం ఎలా ఉన్నా గనులు లాభాల్లో మునిగాయి. 2023లో రోడియం 5,000 కిందికి పడగానే అవే గనులు ఉద్యోగాలు కోశాయి. ప్లాటినం ధర పడితే ఉత్పత్తి తగ్గుతుందని, పెరిగితే వెంటనే పెరుగుతుందని అనుకోవద్దు. కొత్త గని లోతుకు దిగాలంటే ఏళ్లు కావాలి.

గిరాకీ వైపు పెద్ద వాటా కార్ల పొగ గొట్టాలది, పదింట నాలుగు వంతుల దాకా. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి తేనెతుట్టె లాంటి దిమ్మ మీద పూసేది కొన్ని గ్రాములే, కానీ కార్లు కోట్లలో. డీజిల్ పొగకు ప్లాటినం, పెట్రోలుకు ఎక్కువగా పల్లేడియం. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ ఉద్గారాల కుంభకోణం బయటపడినప్పుడు ప్లాటినం రెండు వారాల్లో 900 డాలర్ల దగ్గరికి జారింది ఇందుకే. యూరప్‌లో డీజిల్ కారు అక్కడి నుంచి కోలుకోలేదు. పల్లేడియం 2017లో ప్లాటినాన్ని దాటి, 2022 మార్చిలో 3,000 డాలర్లు మించింది. ఆ ఏళ్లలో కంపెనీలు పెట్రోలు కార్లలో పల్లేడియం తీసి ప్లాటినం వేయడం మొదలెట్టాయి. ఇది ఒక్క రోజులో జరిగే మార్పు కాదు. పూత మార్చితే ప్రతి మోడల్‌నూ మళ్లీ పరీక్షించి ఆమోదం తెచ్చుకోవాలి. కాబట్టి రెండింటి ధరల తేడాకి గిరాకీ ఏళ్ల ఆలస్యంతో స్పందిస్తుంది. ఇక విద్యుత్ కారుకు పొగ గొట్టమే లేదు, హైబ్రిడ్‌కు మాత్రం ఉంది. ‘ఈవీలు వచ్చాయి, ప్లాటినం పని అయిపోయింది’ అనేవాళ్లు హైబ్రిడ్లను లెక్కలో మరిచిపోతారు.

మొత్తం వాడకంలో నగలది దాదాపు నాలుగో వంతు, ఎక్కువగా చైనా, జపాన్, అమెరికా, మన దేశంలో. బంగారం మరీ ప్రియమైనప్పుడు చైనా నగల వర్తకులు ప్లాటినం వైపు తిరుగుతారు, 2025లో షెంజెన్‌లో అదే జరిగింది. ఎరువుల కోసం నైట్రిక్ ఆమ్లం చేసే చోట ప్లాటినం జల్లెడ ఉంటుంది, ఫైబర్ గ్లాసు దారాలు లాగే పళ్లెం ప్లాటినం-రోడియందే, క్యాన్సర్‌కిచ్చే సిస్‌ప్లాటిన్‌లోనూ ప్లాటినం ఉంది. ఒక గాజు కర్మాగారం మూతపడితే దాని పళ్లేలు కరిగి మార్కెట్లోకి తిరిగొస్తాయి, అప్పుడు పారిశ్రామిక గిరాకీ ఉన్నపళంగా పడినట్టు కనిపిస్తుంది.

8. బంగారంతో పోల్చేటప్పుడు

‘ఒకప్పుడు ప్లాటినం బంగారం కంటే ఖరీదు, ఇప్పుడు చవక, కాబట్టి పెరగక తప్పదు’ అనే వాదన బాగా వినిపిస్తుంది. మొదటి రెండు ముక్కలూ నిజం. 2015 నుంచి ప్లాటినం బంగారం కిందే ఉంది. మూడో ముక్కకు ఆధారం లేదు. బంగారం కేంద్ర బ్యాంకుల లోహం, గొడవలొస్తే పెరుగుతుంది. ప్లాటినం సగానికి పైగా కర్మాగారాల లోహం, ఆర్థిక వ్యవస్థ పడుకుంటే తానూ పడుకుంటుంది. 2020 మార్చిలో కరోనా భయంతో 600 డాలర్ల కిందికి కూడా దిగింది. దక్షిణాఫ్రికాలో ఖనిజాన్ని కరిగించి శుద్ధికి పంపే ఒక పెద్ద కర్మాగారం, ఫిబ్రవరిలో పేలుడు జరిగాక, మార్చి మొదట్లో పూర్తిగా ఆగిపోయింది కూడా, అయినా ధర నిలబడలేదు. రెండింటి నిష్పత్తి చూడటంలో తప్పులేదు, దాన్ని సూత్రంలా వాడటమే తప్పు.

9. ఏవి, ఎప్పుడు చూడాలి

రోజూ చూడనక్కర్లేదు. కొనాలనుకున్న నెలలో వారానికోసారి ఒక కాగితం మీద నాలుగు గళ్లు రాసుకోండి: లండన్ మధ్యాహ్నపు ధర, డాలరు రేటు, మీరు కట్టిన 950 రేటు, షాపు చెప్పిన 950 రేటు. చివరి రెండింటి మధ్య తేడా శాతంలో వేయండి. నాలుగు వారాల్లో ఆ షాపు తీరు తెలుస్తుంది. ప్రపంచ ధర పెరిగిన రోజే పెంచి, తగ్గినప్పుడు వారం ఆగే షాపులు ఈ గడిలో దొరికిపోతాయి.

వరల్డ్ ప్లాటినం ఇన్వెస్ట్‌మెంట్ కౌన్సిల్ మూడు నెలలకోసారి సరఫరా, గిరాకీ పట్టిక ఉచితంగా ఇస్తుంది. పేరులోనే ఉంది, అది ప్లాటినం అమ్ముడుపోవాలని కోరుకునే గని కంపెనీల సంస్థ. పట్టికలు తీసుకోండి, ముందుమాటను కాస్త అనుమానంతోనే చదవండి. లోటు అంకె కనబడితే దాని కిందే ఉండే ‘భూమి పైనున్న నిల్వ’ వరుస కూడా చూడండి. అమెరికా వాయిదా మార్కెట్లను నియంత్రించే సీఎఫ్‌టీసీ శుక్రవారం ఇచ్చే నివేదికలో నైమెక్స్‌లో ఫండ్లు ఎంత అమ్మి కూర్చున్నాయో ఉంటుంది. లేని సరుకు అమ్మినవాళ్లు మరీ ఎక్కువైతే చిన్న మంచి వార్తకే అందరూ ఒక్కసారిగా తిరిగి కొనాల్సొచ్చి ధర ఎగురుతుంది. అలాంటి ఎగుడులో, ఆ మరుసటి పొద్దున షాపుకి పోకండి. రెండు మూడు రోజులు ఆగితే చాలాసార్లు కాస్త దిగుతుంది.

చివరగా కాగితాలు. బిల్లు మీద నికర బరువు, 950 అనే స్వచ్ఛత, వాడిన గ్రాము రేటు, మజూరీ, రాళ్ల బరువు, తిరిగి కొనేటప్పుడు కోత ఎంతో, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. థర్మల్ కాగితం మీద అచ్చు రెండేళ్లలో చెరిగిపోతుంది కాబట్టి ఇంటికి రాగానే ఫొటో తీసి పెట్టండి. ధ్రువపత్రం కార్డు నగతో పాటు లాకర్లో వద్దు, విడిగా దాచండి. రెండూ ఒకేసారి పోతే తిరిగి అమ్మేటప్పుడు కానీ, బీమా అడిగేటప్పుడు కానీ చూపించడానికేమీ మిగలదు.